వేరియబుల్ లేనివాడు వింత పశువు

బెజవాడ వ్యాపారులు తెలివైనవాళ్లని ఇంతకాలం ఒక ప్రచారం ఉండేది. దానికి ఆధారాల్లేవు. వన్‌టౌన్ వస్త్రలతలోనూ, బీసెంట్ రోడ్డులోనూ తరాల తరబడి చీరలమ్మినవాళ్లు ఉన్న మాట నిజమే. కానీ ఫలానా చీర ఫలానా కీవర్డు (గూగుల్‌లో జనం వెతికే మాటకి తగిలేలా యాడ్‌కి ఎంచుకున్న మాట) మీద పడిన ఫలానా క్లిక్కు వల్లే అమ్ముడైందని వాళ్లలో ఒక్కరైనా రుజువు చూపగలరా? గల్లాపెట్టె నిండింది కాబట్టి వ్యాపారం జరిగిందని అనుకుంటూ బతికేశారు. శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడెవడూ ఇలాంటి సాక్ష్యాన్ని ఒప్పుకోడు.

ఈ చీకటిని పోగొట్టడానికే కస్టమ్ వేరియబుల్స్ వచ్చాయి. ఇంకా చీకట్లో ఉన్నవారి కోసం చెబుతాను. వెబ్‌సైట్లో ఎవరైనా చీర కొంటే దాన్ని కన్వర్షన్ అంటారు. కొన్నారు, ఇంత డబ్బు వచ్చింది అనే రెండు ముక్కలతో తృప్తిపడేవాళ్లు సామాన్యులు. యాడ్స్ నడిపే గూగుల్ వారి సెర్చ్ యాడ్స్ 360 వాడే పెద్దవాళ్లకు ఫ్లడ్‌లైట్ అనే ట్యాగ్, అంటే వెబ్‌సైట్లో పెట్టే చిన్న కోడ్ ముక్క, ఉంటుంది. అందులో యూ1 మొదలు యూ100 దాకా వంద ఖాళీ గళ్లు. ఇవే కస్టమ్ వేరియబుల్స్. ఒక్కోదానికి మనమే పేరు పెట్టుకోవచ్చు. చీర రకం, రంగు, కొన్నవాళ్ల ఊరు, ఏదైనా సరే. అందులో పడేది అక్షరాలా అంకెలా అన్నది ముందే చెప్పి, వెబ్‌సైట్ నుంచి ఆ వివరం వెళ్లే ఏర్పాటు చేస్తే, కన్వర్షన్‌తో పాటు అదీ రిపోర్టులోకి చేరుతుంది. పట్టుచీరల్ని మాత్రమే లెక్కపెట్టే కాలమ్ ఒకటి తయారు చేసుకుని, ఏ కీవర్డు పట్టు అమ్మిందో, ఏది వాయిల్ దగ్గరే ఆగిపోయిందో చూసుకోవచ్చు. ఈ ఫ్లడ్‌లైట్ డబుల్‌క్లిక్ అనే కంపెనీ ఇంటి వస్తువు. ఆ కంపెనీని గూగుల్ 2008లో 310 కోట్ల డాలర్లు పోసి సొంతం చేసుకుంది. అంత ఖరీదైన వస్తువు ముందు చెవిలో పెన్ను పెట్టుకున్న గుమస్తా ఎంత?

నేనెరిగిన ఒక చీరల షాపులో ఈ మధ్య ఈ వంద గళ్లకు నామకరణ మహోత్సవం జరిగింది. ఓనరు గారు, ఎంబీఏ చదివిన వాళ్లబ్బాయి, పని లేక కూర్చున్న బావమరిది, ల్యాప్‌టాప్‌తో యాడ్ ఏజెన్సీ కుర్రాడు. టీలు వచ్చాయి.

"యూ1 ఏం పెడదాం సార్?" అన్నాడు కుర్రాడు.

"ఇంటిపేరు" అన్నారు ఓనరు గారు, రెప్ప వేయకుండా.

కుర్రాడు నీళ్లు నమిలాడు. పేరు, ఫోన్ నెంబరు, ఈమెయిల్ లాంటి మనిషిని పట్టించే వివరాలేవీ ఇందులోకి పంపకూడదని గూగుల్ నియమం. ఓనరు గారికి నమ్మకం కలగలేదు. "ఇంటిపేరు లేకుండా ఎవరికి అమ్మామో ఎట్టా తెలుస్తుందయ్యా?" అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. మన సమాజం శతాబ్దాలుగా ఆ ఒక్క వేరియబుల్ మీదే నడుస్తోంది. అది నేరుగా దొరక్కపోతే "మీ సొంతూరేదమ్మా?" అనీ, "ఎవరి తాలూకు?" అనీ చుట్టుతిరిగి రాబట్టే విద్య మనకి పుట్టుకతోనే వచ్చు. మిగతా తొంభైతొమ్మిది గళ్లూ అమెరికా వాళ్లకి కావాలి గానీ మనకెందుకు అనిపించడం సహజం. చివరికి యూ1కి 'ఊరు' అని పెట్టి రాజీపడ్డారు. నెల తిరిగేసరికి రిపోర్టులో విజయవాడ ఒక వరస, బెజవాడ ఒక వరస, 'విజయవాడ' తర్వాత చుక్క పెట్టినది ఇంకో వరస. అక్షరం తేడా వస్తే మిషనుకి ఊరు వేరు. ఈ మూడు ఊళ్లలో దేనికి ఎక్కువ బడ్జెట్ పెట్టాలని బావమరిది అడిగాడట. తెలియక అడిగాడో వెటకారంగా అడిగాడో ఇప్పటికీ తేలలేదు.

అసలు మేధోమథనం మూఢం దగ్గర మొదలైంది.

పెళ్లి పట్టుచీరల వ్యాపారం పంచాంగం చేతిలో ఉంటుందని బెజవాడలో పసిపిల్లకైనా తెలుసు. శుక్రుడో గురువో సూర్యుడి వెలుగులో కనబడకుండా పోతే ముహూర్తాలుండవు. కల్యాణ మండపాలకు తాళాలు, కేటరింగ్ కుర్రాళ్లకు సెలవులు, పెళ్లి చీరల కౌంటరు దగ్గర ఈగలు. యాడ్స్‌లో వేలంపాట పాడే స్మార్ట్ బిడ్డింగ్‌కి మాత్రం గురుడెవరో శుక్రుడెవరో తెలియదు. దానికి తెలిసిందల్లా కన్వర్షన్లు పడిపోయాయని. యాడ్ బాగోలేదనుకుంటుంది, చేయి వెనక్కి తీసుకుంటుంది. సరిగ్గా మూఢం వెళ్లి, ఊరంతా ఒక్కసారి పెళ్లిళ్లకు ఎగబడే వారంలో అది ఇంకా దిగాలుగా మూల కూర్చుని ఉంటుంది.

దీనికి సీజనాలిటీ ఎడ్జస్ట్‌మెంట్ అని ఒక సదుపాయం ఉంది. ఫలానా రోజుల్లో అమ్మకాలు ఇంత పెరుగుతాయి, ఇంత తగ్గుతాయి అని మిషనుకి ముందే చెవిలో వేయొచ్చు. అయితే అది ఒకటి నుంచి ఏడు రోజుల ముచ్చట్లకు ఉద్దేశించినది. పద్నాలుగు రోజులు దాటితే సరిగా పనిచేయకపోవచ్చని గూగుల్ వాళ్లే చెబుతారు. గురు మూఢం దాదాపు నెల. గురుడితో మాట్లాడి తగ్గించే ఏర్పాటు ఏజెన్సీ ప్యాకేజీలో లేదు.

"అయితే మూఢానికి ఒక వేరియబుల్ పెట్టండి" అన్నాడు ఎంబీఏ. యూ7: మూఢమా, కాదా. అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. తర్వాత రెండు నెలల రిపోర్టులో పెళ్లి పట్టు వరసలో 'కాదు' అన్న గడి నిండింది, 'అవును' అన్న గడి ఖాళీగా ఉంది. ఉండక ఏమవుతుంది? వేరియబుల్ ఎక్కేది కన్వర్షన్ వీపు మీద. చీర కొంటేనే దాని వివరం నమోదవుతుంది. మూఢంలో పెళ్లి చీర ఎవరూ కొనరు. కొననివాళ్లు ఎందుకు కొనలేదో చెప్పే గడి వందలో ఒక్కటీ లేదు. ఈ సంగతి కుర్రాడికి ముందే తెలుసని నా అనుమానం. బిల్లు వేసే ముందు చెప్పడం వృత్తి ధర్మం కాదు కాబట్టి ఊరుకుని ఉంటాడు.

ఇక ఘనత ఎవరిదన్న పంచాయితీ. గుడివాడలో ఒక పెళ్లికూతురు ఉందనుకోండి. మేనత్త ఈ షాపు పేరు చెప్పింది. బందరు రోడ్డులో హోర్డింగ్ చూసింది. రాత్రి ఫోన్లో వెతికి యాడ్ నొక్కింది. వాళ్లమ్మకు చూపించింది, అమ్మ నాన్నకు చూపించింది, నాన్న రేటు చూసి ఫోన్ కింద పెట్టాడు. ముహూర్తం కుదిరేసరికి నాలుగు నెలలు. అప్పుడు అందరూ బస్సెక్కి వచ్చి, షాపులో చీర కొంగు వేళ్ల మధ్య నలిపి చూసి, బేరమాడి కొన్నారు. గూగుల్ యాడ్స్‌లో క్లిక్కుకీ కొనుగోలుకీ మధ్య గడువు మామూలుగా 30 రోజులు, సాగదీస్తే 90. మన సంబంధాలు కుదిరే వేగానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. రిపోర్టు ప్రకారం ఆ పిల్ల యాడ్ నొక్కి షాపు డబ్బు తగలేసిన మనిషి. యాభై వేల చీర కొన్న మనిషి వేరే ఎవరో.

ఒకవేళ గడువులోపే వచ్చి కొన్నా, ఆ సంగతి మిషనుకి చేర్చే ఒక దారి ఏమిటంటే, ఆ రోజు క్లిక్కుకి పుట్టిన జీక్లిడ్ అనే గుర్తును బిల్లుతో జతచేసి ఎక్కించడం. బారెడు ఉంటుంది, పలకడానికి వీల్లేని అక్షరాల మూట. శ్రావణమాసం రద్దీలో గుమస్తా దాన్ని కస్టమర్ని అడిగి రాసుకోవాలని ఎంబీఏ ఆశించాడు. గుమస్తా రెండు రోజులు అడిగాడు కూడా. మూడో రోజు ఒకావిడ ఓటీపీ అడుగుతున్నాడనుకుని పోలీసులకు ఫోన్ చేయబోయింది.

పోనీ ఫోన్ కాల్స్ లెక్కిద్దామంటే, యాడ్ చూసి చేసిన కాల్ మామూలుగా 60 సెకన్లు దాటితే కన్వర్షన్. మనవాళ్లకు "హలో, వినపడతందా, ఎవరండీ మాట్లాడేది, షాపేనా?" అన్న ప్రవరకే నిమిషం పడుతుంది. ఆ లెక్కన ఊళ్లో రాంగ్ నెంబర్లన్నీ కన్వర్షన్లే.

ఘనత పంచడానికి గూగుల్ దగ్గర ఒకప్పుడు రకరకాల పద్ధతులుండేవి. మొదటి క్లిక్కుకే అంతా ఇవ్వడం, అందరికీ సమానంగా పంచడం లాంటివి నాలుగు పద్ధతులు 2023లో తీసేశారు. ఇప్పుడు మిగిలినవి రెండు. చివరి క్లిక్కుకి మొత్తం కట్టబెట్టడం ఒకటి, డేటాని బట్టి మిషనే పంచడం రెండోది. రెండోదాంట్లో భిన్నాలు వస్తాయి. ఒక కీవర్డుకి 0.4 చీర, ఇంకోదానికి 0.6. అంటే కుచ్చిళ్లు ఒక కీవర్డు అమ్మితే పమిట ఇంకో కీవర్డు అమ్మిందన్నమాట. మేనత్తకు ఏ భిన్నమూ రాలేదు. ఆవిడకి ఖాతా లేదు.

ఈ మధ్యలో కుర్రాడికి ఒక మంచి బుద్ధి పుట్టింది. ముప్ఫై ఏళ్లుగా కౌంటరు దగ్గర ఉన్న గుమస్తాని అడిగాడు: "బాబాయ్, వచ్చినవాళ్లు కొంటారో లేదో నీకెలా తెలుస్తుంది?"

"తండ్రి రాగానే కుర్చీ వెతుక్కుని కూర్చుంటే పెళ్లి బేరం. నిలబడే ఉంటే పెట్టుపోతల చీరలు. వాచీ చూసుకుంటుంటే పక్క షాపులో ఆల్రెడీ కొనేశారు, రేటు కనుక్కోటానికి వచ్చారు" అన్నాడు గుమస్తా.

కుర్రాడు ముచ్చటపడి యూ9: తండ్రి కూర్చున్నాడా అని నిజంగానే ఎక్కించాడు. వెబ్‌సైట్లో కుర్చీ లేదు. యూ9లో ఇప్పటికి పడిన విలువలన్నీ 'అన్‌డిఫైన్డ్', అంటే ఏమీ లేదు.

ఓనరు గారికి ఇంకో కోరిక ఉండేది. "పోయినేడు దసరా లెక్క కూడా ఇందులో వేసి చూపించు" అన్నారు. కుదరదు. వేరియబుల్ పుట్టిన రోజు నుంచే దాని జ్ఞాపకం మొదలు. అంతకుముందు అమ్మిన చీరల గురించి దానికి ఏమీ తెలియదు. పోయినేడు దసరాకి ఏ రంగు ఎక్కువ పోయిందో గుమస్తా నోటితో చెప్పాడు గానీ, దాన్ని డౌన్‌లోడ్ చేసే వీలు లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

మొన్న మూడు నెలల సమీక్ష జరిగింది. సెర్చ్ యాడ్స్ వాళ్ల రిపోర్టు, సోషల్ మీడియా యాడ్స్ వాళ్ల రిపోర్టు, ఎస్ఎంఎస్ పంపేవాళ్ల రిపోర్టు బల్ల మీద పరిచారు. ఒకే చీరని ముగ్గురూ మేమే అమ్మామని రాసుకున్నారు. మూడూ కూడితే షాపులోకి వచ్చిన సరుకు కన్నా అమ్మిన చీరలు ఎక్కువ తేలాయి. ఓనరు గారు కంగారుపడి గుమస్తాని స్టాకు లెక్క చూడమన్నారు. బీరువాలో ఇంకా రెండొందల చీరలున్నాయని అతను చెప్పాడు. ఆ మాటకు ఆధారమేంటని ఎంబీఏ అడిగాడు. వెళ్లి చూసి వచ్చానన్నాడు గుమస్తా.

చర్చ తర్వాత రెండు నిర్ణయాలు జరిగాయి. వందలో పన్నెండు వేరియబుల్స్ మాత్రమే వాడటం వల్లే ఈ గందరగోళం వచ్చింది కాబట్టి మిగతా ఎనభై ఎనిమిదికీ ఏజెన్సీ అడిగిన మొత్తం మంజూరు చేశారు. గుమస్తా జీతం పెంపు సంగతి మూఢం వెళ్లాక చూద్దామన్నారు.