ఫైబర్ కదా, పుచ్చదు

మా బావగారు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. కాగితాల్లో కనపడని లోపం ఆయన లెక్కలో లోపమే కాదు. పాత ఫైబర్ బోటు కొందామని బయల్దేరినప్పుడు అమ్మే కుర్రాణ్ణి మొట్టమొదట అడిగింది ఈసీ.

"బోటుకి ఈసీ ఉండదు సార్, ఇదేమన్నా స్థలమా?"

"పోనీ, లింకు డాక్యుమెంట్లు?"

బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా కనపడితే చాలు, భవానీ ద్వీపం దాకా సొంత బోటులో వెళ్ళి రావాలని ఈయనకి కోరిక. అక్క మాత్రం 2024 సెప్టెంబరు మర్చిపోలేదు. 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదకి పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కుంటే, వాటిని తియ్యడానికి ఎంత తంటా పడ్డారో టీవీలో రోజూ చూసింది. "రేపు మీ బోటు కూడా వెళ్ళి అక్కడే తగులుకుంటే పేపర్లో ఎవరి ఫొటో వేస్తారు?" అంది.

"అవి ఇనుప పడవలే పిచ్చిదానా. ఇది ఫైబర్. తుప్పు పట్టదు, చెద పట్టదు, పుచ్చదు."

ఈ మూడు ముక్కలూ ఆయన బజార్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పారు. మా వీధి సరంగు తాతకి కూడా చెప్పబోయారు. లాంచీలు నడిపి ముసలైన మనిషి. అంతా విని, "ఫైబర్ పుచ్చదు బాబూ. లోపలున్న చెక్క పుచ్చుద్ది" అన్నాడు.

బావగారికి నచ్చలేదు. "ఫైబర్ బోటులో చెక్కేంటి పెద్దాయనా?"

పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి ఫైబర్ పైతొడుగే. అడుగున పొడవునా వేసే దూలాలు, నిలబడే డెక్కు, ఇంజిను తగిలించే వెనక పలక, వీటన్నిటి లోపలా చెక్కో ప్లైవుడ్డో పెట్టి పైన ఫైబర్ అతికేవారు. అతికినంతకాలం బాగానే ఉంటుంది. తర్వాత ఎవడో సీటు బిగించడానికి ఒక స్క్రూ, రాడ్డు కోసం నాలుగు బోల్టులు దింపుతాడు. ఆ కన్నాలకి సరిగ్గా సీలు వెయ్యకపోతే నీళ్ళు చెక్కలోకి దిగుతాయి. దిగిన నీళ్ళకి బయటికి దారుండదు, పైన ఫైబర్ ఉంది కదా. చెక్క లోపల్లోపలే మెత్తబడుతుంది, పైన రంగు మాత్రం పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉంటుంది.

తాతని కూడా కార్లో ఎక్కించుకున్నాం. బావగారు ముందు సీట్లో కూర్చుని దారంతా పలకలేదు.

బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఒడ్డున ఇటుకల మీద ఉంది. పైన కప్పిన పట్టా తియ్యగానే నీలం రంగు, తెల్ల చార, లోపల ఆకుపచ్చ కార్పెట్టు. బావగారి ముఖం వెలిగింది. ఆ కార్పెట్టు చూసి తాత ముఖం చిట్లించాడు.

"సముద్రం మొహం చూడని బోటు సార్" అన్నాడు కుర్రాడు. "ఉప్పునీళ్ళే తగల్లేదు. మన కృష్ణలోనే తిరిగింది."

"విన్నారా!" అన్నారు బావగారు.

"అదే కదా బాధ" అన్నాడు తాత. చెక్కని కుళ్ళబెట్టే బూజుకి ఉప్పు పడదు, మంచినీళ్ళంటే ప్రాణం. అందులోనూ పట్టా కింద వాననీళ్ళు నిలవ ఉంటే ఇక దానికి పండగే. అడుగున నీళ్ళు పోయే బిరడా తీసి ఉందా అని తాత అడిగాడు. కుర్రాడు వినపడనట్టు ఊరుకున్నాడు.

తాత స్క్రూడ్రైవరు పిడితో వెనక పలక కొట్టుకుంటూ వచ్చాడు. పైన ఠక్‌ఠక్ అంది. కిందికొచ్చేసరికి మొద్దు చప్పుడు. బావగారికి పౌరుషమొచ్చి పదిరూపాయల బిళ్ళ తీసి ఆయనా కొట్టారు, పైన మాత్రమే. "నాకు బాగానే వినిపిస్తోందే!"

నీళ్ళలోకి దిగే ఇంజిను కాలు పైకెత్తి, దాన్ని కిందికి నొక్కుతూ పలక పైఅంచు చూడమన్నాడు తాత. నేను నొక్కాను. పలక కూడా నాతోపాటు ఊగింది. కదలకుండా ఉండాల్సింది అదే.

"స్పీడుగా వెళ్ళేటప్పుడు స్ప్రింగు యాక్షన్ సార్" అన్నాడు కుర్రాడు. ఆ కుర్రాడు రాజకీయాల్లోకి వెళ్తే పైకొస్తాడు.

ఇక చివరి పరీక్ష. లోపలివైపు నుంచి, అడుగుకి దగ్గరగా, సన్నటి బిట్టుతో చిన్న కన్నం. పొట్టు పొడిగా, లేతరంగులో వస్తే చెక్క బతికున్నట్టు. తడిగా, నల్లగా వస్తే దణ్ణం పెట్టి ఇంటికెళ్ళడమే. బాగుంటే ఆ కన్నంలో ఎపాక్సీ జిగురు నింపేస్తే సరిపోతుంది. కానీ బోటుకి కన్నం పెడతామంటే ఒప్పుకునే ఓనరు ఎక్కడుంటాడు? కుర్రాడు డ్రిల్లింగ్ మిషన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "కొన్నాక మీ ఇష్టం సార్, జల్లెడ చేసుకోండి."

వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే బావగారికి విసుగొచ్చింది. "ఇంత గొడవెందుకు, నేను ఎక్కి చూస్తా" అని డెక్కు మీదికెక్కి, కార్పెట్టు మధ్యలో నిలబడి, దృఢత్వం చూపించడానికి ఒక్కసారి గెంతారు.

పెద్ద చప్పుడేం రాలేదు. కుడికాలు మోకాలి దాకా లోపలికి వెళ్ళింది, అంతే. కార్పెట్టు కాలి చుట్టూ కుచ్చిళ్ళలా ముడుచుకుంది.

"బావా, దెబ్బ తగిలిందా?"

"లేదు. చల్లగా ఉంది" అన్నారు. లోపల నీళ్ళున్నాయి.

కుర్రాడు గుండె బాదుకున్నాడు. డెక్కుకి కన్నం పెట్టారు కాబట్టి డబ్బు కట్టాలన్నాడు. "కన్నం ఆయన పెట్టలేదు, నువ్వు కార్పెట్టు కింద దాచిందే ఆయనకి దొరికింది" అన్నాడు తాత. బావగారు ఆ స్థితిలో కూడా బేరం వదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు రేటెంత తగ్గిస్తావో చెప్పు" అన్నారు. కాలు బయటికి తీయడానికి రంపం అక్కర్లేకపోయింది. తాత చేత్తోనే డెక్కు చెక్క తుంపుతూ పోతున్నాడు.

అంతలో ఇంకో కారు ఆగింది. గుంటూరు నుంచి వచ్చిన పార్టీ, అదే బోటు చూడ్డానికి. కుర్రాడు ఎదురెళ్ళి, "రండి సార్, మా టెక్నీషియన్‌గారు లోపల చెక్ చేస్తున్నారు" అన్నాడు, మోకాల్లోతున నిలబడ్డ బావగారిని చూపిస్తూ.

నలుగురి ముందు పరువు సంగతి. బావగారు కళ్ళజోడు సర్దుకుని నిటారుగా నిలబడ్డారు. వచ్చినాయన గౌరవంగా దగ్గరికొచ్చి, "లోపల చెక్క ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"మోకాలి దాకా చూశానండీ" అన్నారు బావగారు. "ఇంతవరకూ తగల్లేదు."