చిరంజీవి జేబు కెమెరాకి, ఉభయకుశలోపరి

తేదీ: 01-01-2015 (నీ లెక్క ప్రకారం)

చిరంజీవి జేబు కెమెరాను ఆశీర్వదించి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాద్దామనుకున్నాను గానీ, ఇందాకే నీ సంగతి కళ్ళారా చూశాను. వారం రోజులు చార్జర్‌లోనే మరచిపోయిన బ్యాటరీని తెచ్చి పెట్టి ఆన్ చేస్తే, మూతి సగం బయటపెట్టి, లోపలికి పోక పైకి రాక, "లెన్స్ ఎర్రర్" అని చూపించి ఆరిపోయావు. నా చొక్కా జేబులోని నలుసేదో నీ గొంతుకి అడ్డం పడినట్టుంది. రెండోసారి లేచావు. లేవగానే, "ఈరోజు తేదీ ఎంత?" అని అడిగావు. చెప్పే ఓపిక లేక ఓకే నొక్కాను. పైన ఉన్న తేదీ అదే.

నీతో నాకు పని పడింది మా తమ్ముడి వల్ల. ఫోటోగ్రఫీ నేర్చుకుంటానని వాడు నిన్ను తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక అనుమానం వచ్చింది. "అన్నయ్యా, కొన్నాళ్ళు నువ్వు వాడి చూడు. ఉంచుకోనా, తిరిగిచ్చెయ్యనా?" అని డబ్బాతో సహా నా చేతిలో పెట్టిపోయాడు. మూడు వారాలు నిన్ను జేబులో వేసుకుని తిరిగాను. ఈ ఉత్తరం నీ ప్రోగ్రెస్ కార్డు అనుకో.

ముందు నీ డబ్బా సంగతి. నీకన్నా అది ఎక్కువ మాట్లాడుతుంది. 20 మెగాపిక్సెళ్ళు, అంటే బొమ్మలో రెండు కోట్ల చుక్కలు అని, దాని మీద నీ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ 20తో ఏం చేసుకోవాలో మాత్రం వెయ్యలేదు. ఫుల్ హెచ్‌డీ తెర నిండా బొమ్మ చూడాలంటే 2 మెగాపిక్సెళ్ళు చాలు. 4కే టీవీకైనా 8 దాటి కాస్త. 10 ఉన్నవాణ్ణి 20కి మారిస్తే బొమ్మ రెట్టింపు పెద్దదవుతుందని మా తమ్ముడు నమ్మాడు. పొడవులో 1.4 రెట్లు, వెడల్పులో 1.4 రెట్లు, అంతే. లెక్కల్లో వర్గమూలం ఎందుకు నేర్పారో వాడికి నిన్ను కొన్నాక తెలిసింది.

సరే, ఆ 20 మెగాపిక్సెళ్ళ కాపురం ఎక్కడ? బొమ్మ పట్టే 1/2.3 అంగుళాల సెన్సర్‌లో అని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. నేను లెక్క వేశాను. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి 11 మిల్లీమీటర్లు రావాలి. నీ సెన్సర్‌ని మూల నుంచి మూలకి కొలిస్తే సుమారు 7.7. మిగతాది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదట. వెనకటికి టీవీ కెమెరాల్లో బొమ్మ పట్టే గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు చెప్పేవాళ్ళు. గొట్టాలు పోయాయి, లెక్క మాత్రం పోలేదు. అంటే నీ నడుము కొలత అడిగితే నువ్వు మీ తాత వేసుకున్న కోటు కొలత చెబుతున్నావన్నమాట.

నిజం కొలత నేను చెబుతాను. సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు. చిటికెన వేలి గోరు కూడా నిండదు. పెద్ద కెమెరాల్లో ఉండే 36 ఇంటూ 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పక్కన పెడితే అందులో 30వ వంతు. ఆ కాస్త చోటులో ఒక్కో చదరపు మిల్లీమీటరుకి 7 లక్షల పిక్సెళ్ళని కుక్కి, తలుపేసి, మీద "స్పష్టత" అని బోర్డు పెట్టారు. పగటి వెలుతురులో ఎలాగో సర్దుకుంటాయి. సాయంత్రం ఆరు దాటి గదిలో లైటు వేశామా, నువ్వు ఐఎస్ఓని, అంటే అందిన కాస్త వెలుతురుని పెంచి చూపే అంకెని, 1600కి ఎక్కిస్తావు, బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు నాయిజ్. దాన్ని తుడవడానికి మళ్ళీ నువ్వే ఒక నునుపు పూత పూస్తావు. ఇసుకతో పాటు కనుబొమలూ పోతాయి. మా వదిన తన ఫోటో చూసుకుని, "ఎవరిదిది? మైనం బొమ్మలా ఉంది" అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇక జూమ్. 8 రెట్లు అని నువ్వనేది దేనికి 8 రెట్లు? కంటికి కనిపించేదానికి అనుకుంటారు అందరూ. నీ లెన్స్ చుట్టూ సన్నగా చెక్కి ఉంది: 5 నుంచి 40 మిల్లీమీటర్లు. 40ని 5తో భాగిస్తే 8. అదీ సంగతి. అయినా ఆ జూమ్‌ని నేను తప్పుపట్టను. అద్దాలు నిజంగా కదిలి దూరాన్ని దగ్గరికి తెస్తాయి. కాకపోతే పూర్తిగా చాచినప్పుడు నీ గొంతు సన్నబడుతుంది. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే కంత చిన్నదవుతుంది. ఎఫ్/3.2 దగ్గర మొదలైనవాడివి ఎఫ్/6.9కి చేరతావు. వచ్చే వెలుతురు నాలుగో వంతు కూడా ఉండదు. ఆ సంగతి డబ్బా మీద లేదు. దాని మీద ఉన్నది, "డిజిటల్ జూమ్‌తో కలిపి 32 రెట్లు". ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. 4 రెట్ల డిజిటల్ జూమ్ అంటే బొమ్మలో పదహారో వంతు ముక్క కోసి, దాన్నే సాగదీయడం. 20లో మిగిలేది మెగాపిక్సెల్ పైన పావు. ఆ పని ఇంట్లో కూర్చుని తీరిగ్గా నేనూ చేసుకోగలను.

నీ దగ్గర 17 సీన్ మోడ్‌లు లెక్కపెట్టాను. బాణాసంచాకి ఒకటి, మంచుకి ఒకటి, పెంపుడు జంతువులకి ఒకటి. నవ్వితే దానంతటదే తీసేది ఇంకొకటి. మా ఇంట్లో పిల్లలు నవ్వరు, నాలుక బయటపెడతారు. దానికి మోడ్ లేదు. మా తెల్లపిల్లి తెల్ల దుప్పటి మీద పడుకుంటే తీశాను. బూడిదలో దొర్లి వచ్చినట్టు పడింది. పెంపుడు జంతువుల మోడ్‌లో పెట్టినా అంతే. తప్పు పిల్లిది కాదని మాన్యువల్ తిరగేస్తే తెలిసింది. నీలోని వెలుతురు కొలిచే మీటర్‌కి లోకమంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగేనని నమ్మకం. తెల్లగా ఉన్నది చూస్తే ఎక్కువ వెలుతురనుకుని తగ్గిస్తుంది, నల్లగా ఉన్నది చూస్తే పెంచేస్తుంది. దానికి విరుగుడుగా ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఒకటి పెట్టారట. ఎక్కడ పెట్టారు? నీ వీపున ఉన్న గుండ్రటి బటన్‌కి కుడి అంచున, చీమ తలకాయంత. నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ మాన్యువల్. అన్నీ నువ్వే చూసుకునే ఆటో మోడ్‌లో అది పనిచేయదు, కొన్ని సెట్టింగులు మన చేతికిచ్చే ప్రోగ్రామ్ మోడ్‌కి మారాలి. మారి, ప్లస్ ఒకటి పెట్టి తీశాను. పిల్లి తెల్లబడింది. మీసాలు కూడా విడివిడిగా కనిపించాయి.

నీ మీద నాకు అసలు కోపం ఇక్కడే వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమే పుట్టానంటావు కదా. వాళ్ళకి కావలసిన ఒక్క బటన్‌నీ చీమంత చేసి 84వ పేజీలో దాచి, అక్కర్లేని 32 రెట్ల జూమ్‌ని డబ్బా మీద కొండంత చేస్తావా? ఆటోలో ఉన్నంత కాలం మా తమ్ముడు నేర్చుకునేది బటన్ నొక్కడం. అది వాడికి ముందే వచ్చు, లిఫ్ట్ ఉన్న భవనంలోనే ఉంటాడు.

పరీక్షలో చివరి పేపర్ మా మేనకోడలు పెట్టింది. ఎనిమిదేళ్ళది. మూడో మెట్టు మీద నుంచి దూకుతాను, గాలిలో ఉండగా తీయి మామయ్యా అంది. దూకింది, నేను నొక్కాను. నువ్వు కాసేపు ఆలోచించావు. లెన్స్ ముందుకీ వెనక్కీ ఊగింది, ఆకుపచ్చ గడి వెలిగింది, క్లిక్. ఫోటోలో మూడు మెట్లు చక్కగా ఉన్నాయి. పిల్ల లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ఇలా ఆరుసార్లు. ఖాళీ మెట్ల ఫోటోలు నా దగ్గర ఆరున్నాయి, అన్నీ ఫోకస్‌లోనే ఉన్నాయి.

మీ వంశంలో ఆలస్యం కొత్తేమీ కాదులే. 1975లో కోడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీర్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా, 0.01 మెగాపిక్సెల్ బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. బరువు మూడున్నర కిలోల పైమాటే. దాంతో పోలిస్తే నువ్వు మెరుపువి. అలా అని సర్దిచెప్పుకుంటుండగా పిల్లకి విసుగొచ్చి లోపలికి పోయింది.

మర్నాడు ఇంకోలా చేశాను. పిల్ల దూకి పడే చోట చెప్పు ఒకటి పెట్టి, దాని మీద గురిపెట్టి, బటన్‌ని సగం నొక్కి పట్టుకున్నాను. నువ్వు ఊగాల్సినంత ఊగావు, గడి ఆకుపచ్చగా వెలిగింది, వేలు అక్కడే ఆపాను. ఇప్పుడు దూకు అన్నాను. దూకింది. మిగతా సగం నొక్కాను. పడింది! రెండు కాళ్ళూ నేలకి జానెడు ఎత్తున, జడలు రెండూ పైకి, నోరు తెరిచి. చేతులు మాత్రం కాస్త అలికినట్టున్నాయి, ఎండలో తీసుంటే అవీ నిలిచేవి. నీ స్టెబిలైజర్ నా చెయ్యి వణుకుని ఆపుతుంది, పిల్లని ఆపదు. ఈ సగం నొక్కుడు విద్య డబ్బా మీద ఒక్క లైను రాసి ఉంటే ఆ ఆరు ఖాళీ మెట్లూ తప్పేవి.

వెనకాల మసగ్గా రావాలని తమ్ముడి కోరిక. నీ దగ్గర ఆ ఆశ పెట్టుకోవద్దని చెబుతాను. నీ ఎఫ్/3.2, ఆ విషయంలో ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/18తో సమానం. ముక్కు నుంచి వెనక గోడ మీది మేకు దాకా అన్నీ స్పష్టంగా చూపించే నిష్పక్షపాత బుద్ధి నీది. బ్యాటరీ 200 ఫోటోలకి వస్తుందన్నావు, నాకు 130కే పోయింది. ఎండలో నీ తెర మీద నా మొహం తప్ప ఇంకేం కనబడదు. ఫ్లాష్ మూడు మీటర్లు దాటదు, కాబట్టి నాటకానికి వెళ్ళి చివరి వరుసలోంచి వెలిగిస్తే పడేది ముందు కూర్చున్నవాళ్ళ బట్టతలల మీదే. స్వానుభవం.

నీ మంచి కూడా చెప్పకపోతే కళ్ళు పోతాయి. నీ పొట్ట కింద స్టాండ్‌కి బిగించే మర రంధ్రం ఉంది చూడు, అది నిజమైన పావు అంగుళం. కొలిచాను. నీ ఒంట్లో అబద్ధమాడని అంగుళం అదొక్కటే. నీ క్లిక్ శబ్దం మూసేస్తే పక్కవాడికి కూడా తెలియదు. మధ్యలో ఫోన్ రాదు, మెసేజ్ రాదు. నీతో ఉన్నంతసేపు బొమ్మ చూడటం తప్ప వేరే పని దొరకదు. అయినా జనం నిన్ను ఎప్పుడో వదిలేశారు. మీ జాతి, అంటే లెన్స్ ఊడని డిజిటల్ కెమెరాలు, 2010లో 10 కోట్లకు పైగా ఫ్యాక్టరీలు దాటి వెళ్ళాయి. 2023 నాటికి ఏడాదికి 20 లక్షలు కూడా లేవు. ఫోన్లు మింగేశాయి. ఈమధ్య కాలేజీ పిల్లలు పాత సొరుగుల్లోంచి మీవాళ్ళని మళ్ళీ పైకి తీస్తున్నారు. ఆ ఇసుకా, ఆ ఫ్లాష్ వెలుగూ, మూలన ఆ నారింజ రంగు తేదీ, అవే కావాలట వాళ్ళకి. నీ రోగాలే నీ ఫ్యాషన్ అయ్యాయి, అదృష్టవంతుడివి.

తమ్ముడు రేపు వస్తాడు. ఉంచుకోమనే చెబుతాను. నిన్ను ప్రోగ్రామ్ మోడ్‌లో పెట్టి, డిజిటల్ జూమ్ ఆపేసి, మాన్యువల్‌లో 84వ పేజీ మడిచి, మెట్ల ఫోటోలు ఏడూ చెరపకుండా ఇస్తాను. డబ్బా మాత్రం ఇవ్వను. అది లేకపోతే తిరిగి తీసుకోరట, వాడికి ఆ సంగతి ఇంకా తెలియదు.

ఇట్లు,
నీ దృష్టిలో ఎప్పుడూ నవ్వని,
మేనకోడలి మామయ్య

తా.క.: దూకిన ఫోటో మూలన 01-01-2015 అని పడింది. ఆ రోజుకి ఆ పిల్ల ఇంకా పుట్టలేదు.