“ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుంది” అన్న సందేశానికి జవాబు

నెలసరి నొప్పిని భరించలేనంతగా చేసే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు గురించిన ఒక సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఈ నెలలోనే మూడుసార్లు వచ్చింది. నెలసరి నొప్పి ఆడపుట్టుకకు సహజమేననీ, స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోతే జబ్బు లేనట్టేననీ, డాక్టర్లు ఇచ్చే హార్మోన్ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరనీ, పెళ్లి చేస్తే ఒక కాన్పుతో అదే సర్దుకుంటుందనీ, అప్పటికీ తగ్గకపోతే గర్భసంచి తీయించుకుంటే పీడ విరగడవుతుందనీ దాని సారాంశం. పంపినవారంతా ఆడపిల్లల మేలు కోరేవారే. అయినా ఇందులోని ప్రతి మాటా ఏదో ఒక ఇంట్లో ఒక అమ్మాయిని ఆస్పత్రి గడప తొక్కకుండా ఆపుతుంది కాబట్టి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పవలసి ఉంది.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. నెలసరి మొదలైన ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో నొప్పి రావడం, అది ఒక మాత్రతోనో వేడినీళ్ల కాపడంతోనో తగ్గడం చాలామందిలో ఉన్నదే. అయితే మాత్రకు లొంగకుండా, వాంతులు తెప్పించి, చదువూ పనీ మాన్పించి, ఏడాదికేడాది ముదిరే నొప్పిని ఆ లెక్కలో కలపకూడదు. మా చెల్లెలు ఇంటర్ ఫిజిక్స్ పరీక్ష మధ్యలో లేచి వచ్చేసి, వరండాలో మోకాళ్లను కడుపుకు అదుముకుని, చెమటతో తడిసిన హాల్ టికెట్‌ను పిడికిట్లో పట్టుకుని కూర్చున్నప్పుడు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరూ చెప్పింది “అందరికీ ఉండేదేనమ్మా” అనే. అప్పటికి మూడేళ్లుగా ఉన్న ఆ నొప్పికి పేరు తెలియడానికి మరో ఆరేళ్లు పట్టింది. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి వెలుపల, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, కొందరిలో పేగుల మీద, మూత్రాశయం మీద కూడా పెరగడమే ఎండోమెట్రియోసిస్. ఆ కణజాలం ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌కు స్పందిస్తూ వాపు పుట్టిస్తుంది, మచ్చలు కడుతుంది, కొన్నిసార్లు అవయవాలను ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేస్తుంది. పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి, ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

స్కానింగ్ విషయానికి వస్తే, అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ ఉంటే అల్ట్రాసౌండ్‌లో తరచుగా తెలిసిపోతుంది. పొర మీద పైపైన ఉండే చిన్న చిన్న మచ్చలు మాత్రం చాలాసార్లు కనిపించవు. పైగా మన దగ్గర పెళ్లికాని అమ్మాయిలకు, కడుపునిండా నీళ్లు తాగించి మూత్రం బిగబట్టించి, పొట్ట మీదనుంచే స్కాన్ చేసి పంపిస్తారు. యోని ద్వారా చేసే స్కాన్‌లో తెలిసేవన్నీ అందులో తెలియవు. అలాంటప్పుడు ఎంఆర్ఐ వంటి మార్గాలున్నాయి. అనుమానం బలంగా ఉంటే లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసే పద్ధతి) కోసం ఆగకుండానే మందులు మొదలుపెట్టవచ్చు. కనుక “రిపోర్టు నార్మల్” అన్న రెండు మాటలతో నొప్పి అబద్ధమైపోదు.

హార్మోన్ మాత్రల మీద భయానికి ఆధారం లేదు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రగానీ, గర్భనిరోధక మాత్రలుగానీ, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరంగానీ జబ్బును అణచి ఉంచుతాయి. మానేశాక గర్భం దాల్చే శక్తి తిరిగి వస్తుంది. మధ్యమధ్య రక్తస్రావం, తలనొప్పి, మనసు దిగులుగా ఉండడం వంటి ఇబ్బందులు కొందరికి రావచ్చు. వాటిని డాక్టరుకు చెబితే మందు మార్చే వీలుంటుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టింది కాన్పు మాట. గర్భంతో ఉన్నన్నాళ్లూ నెలసరి ఆగుతుంది కాబట్టి కొందరికి నొప్పి తగ్గే మాట నిజమే, కానీ తర్వాత అది తిరిగి రావచ్చు, కొందరికి అసలు తగ్గకపోనూవచ్చు. అందుకే సంతాన వైద్యుల యూరోపియన్ సంఘమైన ఎష్రే, 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కేవలం ఈ జబ్బు నయం చేయడానికని గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదని స్పష్టంగా చెప్పింది. ఈ జబ్బున్న చాలామందికి భార్యాభర్తల కలయికే నొప్పితో కూడుకున్నది; కొందరికి గర్భం రావడం ఆలస్యమవుతుంది. నొప్పికి మందుగా పెళ్లి చేసిన ఇంట్లోనే ఏడాది తిరగకుండా “ఇంకా విశేషమేమీ లేదా” అన్న ప్రశ్న మొదలైతే, ఆ అమ్మాయి మీద పడే బరువు ఎంతటిదో ఆ సందేశం రాసినవారు ఆలోచించి ఉండరు. అలాగని జబ్బు బయటపడగానే పిల్లలు పుట్టరని బెంగపడనక్కరలేదు. చాలామంది సహజంగానే తల్లులవుతున్నారు.

ఇక గర్భసంచి తీయించుకోవడం. మచ్చలు ఉన్నది గర్భసంచి బయట కాబట్టి, సంచిని మాత్రమే తీసేస్తే అవి ఉన్నచోటే ఉండిపోవచ్చు, నొప్పీ మిగలవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి, ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. వేరే దారులు ఫలించనప్పుడు, పిల్లలు వద్దనుకున్న స్త్రీ అన్నీ తెలుసుకుని ఎంచుకునే ఆపరేషన్ అది. అప్పుడు కూడా కనిపించిన మచ్చలన్నిటినీ తొలగించడం ముఖ్యం. ఈ సలహా మన ప్రాంతంలో తిరగడం మరీ ప్రమాదకరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

సరైన వైద్యం దొరకాలంటే ముందుగా మన మాటను వినే గైనకాలజిస్టు కావాలి. ఒకరు “పెళ్లయ్యాక చూద్దాం” అంటే మరొకరి దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. పేగులకు పాకిన జబ్బుకు ఆపరేషన్ అవసరమైతే, పేగుల సర్జన్ కూడా తోడుండే ఆస్పత్రిని ఎంచుకోవాలి. కటి కండరాల ఫిజియోథెరపీ, దీర్ఘకాలపు నొప్పితో బతికేవారికిచ్చే కౌన్సెలింగ్ కూడా వైద్యంలో భాగమే. మా చెల్లెలి విషయంలో పనికొచ్చింది ఒక నలభై పేజీల నోటుపుస్తకం. ఏ రోజు ఎక్కడ నొప్పి వచ్చింది, ఎన్ని మాత్రలు వేసుకుంది, ఏ పని మానుకుంది అన్నది మూడు నెలలు అందులో రాసి తీసుకెళ్లింది. అంతకుముందు చూపించుకున్న ముగ్గురూ అడగని ప్రశ్నను, ఆ పేజీలు తిరగేసిన డాక్టరమ్మ అడిగింది: “దొడ్డికి వెళ్లినప్పుడు కూడా నొప్పి వస్తుందామ్మా?” చెల్లెలు ఒకసారి నా వైపు చూసి, తలవంచుకుని, “వస్తుందండీ, అది చెప్పాల్సిన విషయమని నాకు తెలియదు” అంది.