డాస్ విండోలో పడిన క్లిక్ ఎవరికి చెందాలి?

విండోస్ 3.1 రోజుల్లో, విండోస్‌కన్నా ముందునుంచీ ఉన్న డాస్ అనే పాత సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రామును విండోలో తెరిచి మౌస్ కదిపితే చాలాసార్లు ఏ చలనమూ ఉండేది కాదు. పక్క విండోలో హాయిగా పనిచేసిన మౌస్ ఇక్కడికి రాగానే మొరాయించేది. సెట్టింగ్ సరిగ్గా చేసుకోలేదని వాడేవాళ్లనే తప్పుపట్టేవారు. అది అన్యాయం. పాత ప్రోగ్రాముకు మౌస్ అందించే బాధ్యత దానికి చోటిచ్చిన సిస్టమ్‌దే.

డాస్‌కు మౌస్ సంగతి తెలియదు. మౌస్ డాట్ కామ్ లాంటి డ్రైవరును, అంటే మౌస్‌ను నడిపే చిన్న ప్రోగ్రామును, ముందుగా మెమరీలోకి ఎక్కించాలి. బాణం ఎక్కడుందో, ఏ బటన్ నొక్కారో ప్రోగ్రాము ఇంటరప్ట్ 33హెచ్ అనే నిర్ణీత పిలుపు ద్వారా ఆ డ్రైవరునే అడుగుతుంది. విండోస్‌కు సొంత మౌస్ డ్రైవరు ఉన్నా, అది ఈ ప్రశ్నలకు జవాబివ్వదు. అందుకే విండోస్ మొదలవకముందే కంప్యూటర్ ఆన్ కాగానే డాస్ చదివే ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ ఫైల్‌లోనో కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైల్‌లోనో డాస్ డ్రైవరును కూడా పెట్టుకోవాల్సి వచ్చేది. అలా ముందే ఎక్కిన డ్రైవరు, ఆ తర్వాత తెరిచిన ప్రతి డాస్ విండోలోనూ కొంత మెమరీ తినేది. మౌస్ అక్కర్లేని ప్రోగ్రాముకూ ఆ కోత తప్పేది కాదు. డాస్ ప్రోగ్రాములకు మామూలుగా ఉన్నదే 640 కేబీ. అందులో కొన్ని కేబీలు తగ్గినా పెద్ద ప్రోగ్రాములు మెమరీ చాలదని ఆగిపోయేవి.

1995లో వచ్చిన విండోస్ 95 ఈ చిక్కును సరైన చోట విప్పింది. ఇంటరప్ట్ 33హెచ్‌కు విండోసే జవాబివ్వడం మొదలుపెట్టింది. ప్రోగ్రాములో అక్షరం మార్చనక్కర్లేదు, డాస్ డ్రైవరూ అక్కర్లేదు. విండోస్‌ను వదిలి పూర్తి డాస్ మోడ్‌లోకి వెళ్తే మాత్రం పాత డ్రైవరు కావాల్సిందే.

అసలు తగువు క్లిక్ దగ్గర మిగిలింది. విండోలో నొక్కిన క్లిక్ ప్రోగ్రాములోని మెనూ కోసమా, టెక్స్ట్ కాపీ చేయడానికా? విండోస్ 95 దీన్ని ప్రాపర్టీస్‌లో క్విక్ ఎడిట్ అనే ఆప్షన్‌గా పెట్టి ఊరుకుంది; అది ఆన్‌లో ఉంటే క్లిక్ టెక్స్ట్ ఎంచుకోవడానికే పోతుంది. విండోస్ 10 కన్సోల్‌లో, అంటే టెక్స్ట్ ప్రోగ్రాములు నడిచే కమాండ్ విండోలో, అదే ఆప్షన్ ముందుగానే ఆన్‌లో ఉంటుంది. పొరపాటున ఒక్క క్లిక్ పడితే చాలు, టెక్స్ట్ ఎంపిక మొదలై తెర మీద ప్రోగ్రాము రాస్తున్నది ఆగిపోతుంది. హ్యాంగ్ అయిందేమోనని టెన్షన్ పడి, సగంలో ఉన్న పనిని మూసేసేవాళ్లున్నారు. స్పష్టంగా చెప్పకుండా పనిని ఆపేసే ఆప్షన్‌ను అడగకుండానే ఆన్ చేసి ఉంచడం నా దృష్టిలో తప్పు నిర్ణయం.

యూనిక్స్ అనే మరో సిస్టమ్ టెర్మినళ్లలో (అక్కడి కమాండ్ విండోల్లో) పాతుకుపోయిన పద్ధతి ఇంతకన్నా మేలు. ప్రోగ్రాము మౌస్ అడిగితే క్లిక్ దానికే వెళ్తుంది. టెక్స్ట్ ఎంచుకోవాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని లాగాలి. మైక్రోసాఫ్ట్ కొత్త కమాండ్ విండో అయిన విండోస్ టెర్మినల్ కూడా ఇప్పుడు ఈ పద్ధతినే పాటిస్తోంది. పాత కన్సోల్‌లోనూ ఇదే రావాలి.