గ్రాంటు కోరు అనంతపురం రైతులకు కొన్ని సూచనలు

శనక్కాయ రైతులకు మనవి. ఈ ఏడు ఆకాశం కేసి చూడ్డం కాస్త తగ్గించి, దరఖాస్తుల కేసి చూడండి. వర్ధమాన దేశాల్లో వ్యవసాయాన్నీ తిండినీ బాగుచేసే కొత్త ఆలోచనలకు గ్రాంటు ఇవ్వడానికీ, ఆపైన మెంటర్‌ను పెట్టి చెయ్యి పట్టుకుని నడిపించడానికీ ప్రపంచంలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. అడగడం రాక మనమే వెనకబడ్డాం.

భయపడాల్సిందేమీ లేదు. అమెరికాలో సియాటిల్‌లోని గేట్స్ ఫౌండేషన్ 2008లో 'గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్' మొదలుపెట్టినప్పుడు రెండు పేజీలు రాస్తే చాలంది. ప్రయోగం చేసి చూపిన రుజువులు అక్కర్లేదు. ఆలోచన నచ్చితే తొలి విడత లక్ష డాలర్లు. మన కౌలు రైతు సంగతి చూడండి. బ్యాంకులో పంట అప్పు పుట్టడానికని 2019 చట్టం తెచ్చిన సాగుదారు హక్కుల కార్డుకు (సీసీఆర్‌సీ) భూయజమాని సంతకం కావాలంది, కార్డు చెల్లేది మాత్రం పదకొండు నెలలంది. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని యజమాని దొరకడు. ఆ లెక్కన అనంతపురానికి తన ఊరి బ్యాంకు కన్నా సియాటిల్ దగ్గర.

ఇక అదను. మీ విత్తనానికి అదను జూన్, జులై. గ్రాంటుకు వేరే అదనుంది: ప్రకటన, వడపోత, ఇంటర్వ్యూ, ఒప్పందం, ఆ తర్వాత విడతలు. డబ్బు చేతికందేసరికి కాయ మార్కెట్టుకు పోయుంటుంది, లేదా పోవడానికి కాయే ఉండదు. నొచ్చుకోకండి. ఏడాది మొత్తం మీద సుమారు 550 మిల్లీమీటర్లు రాల్చే మన వాన కూడా విడతలవారీగానే వస్తుంది కదా. యూటిలైజేషన్ సర్టిఫికెట్ అడగదు, అంతే తేడా.

మెంటర్‌తో జాగ్రత్తగా మాట్లాడాలి. కుర్రవాడే, మంచివాడే, జూమ్‌లో నవ్వుతూ పలకరిస్తాడు.

"మీ ఎగ్జిట్ స్ట్రాటజీ ఏంటండీ?"

"బెంగుళూరు బస్సు సార్."

ఇలా చెప్పకూడదు. త్వరగా ఫెయిలై త్వరగా నేర్చుకోవాలని ఆయన బోధించినప్పుడు, "ఆగస్టులో నెల్లాళ్లు వాన ఎగ్గొడితే చాలు సార్, ఊరు ఊరంతా ఫెయిలవుతాం, ఏటా నేర్చుకుంటానే ఉండాం" అనీ అనకూడదు. నోట్సు రాసుకోండి.

శనక్కాయ సాళ్ల నడుమ కంది, ఆముదం, అలసంద వేసి, ఒకటి పోయినా ఇంకొకటి దక్కేలా చూసుకుంటున్నామని చెబితే, అందులో కొత్తదనమేముందని అడుగుతారు. నిరాశపడొద్దు, పాతదానికీ కాలం వస్తుంది. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ఇచ్చే పది లక్షల యూరోల గుల్బెంకియన్ బహుమతిని 2024లో పంచుకున్న ముగ్గురిలో మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమం ఒకటి. వానలకు ముందే నవధాన్యాలు చల్లడం అందులో పెద్ద భాగం. గింజలు పాతవైతేనేం, లిస్బన్‌లో విప్పి చెప్పగల మనిషి కావాలి.

పోషకాహారం విభాగంలో మనకు గట్టి ఆశ ఉంది. 1996లో ఫ్రెంచి పిల్లల వైద్యుడు ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ కలిసి వేరుశనగ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి ప్లంపీనట్ చేశారు. 92 గ్రాముల ప్యాకెట్, 500 కేలరీలు. వండే పని లేదు, నీళ్లు కలిపే పని లేదు, ఎండిపోయిన బిడ్డ ఇంట్లోనే ఉండి చప్పరిస్తుంది. దీన్ని మాత్రం వెక్కిరించలేను. ఎందరో పిల్లల్ని నిలబెట్టిన సరుకది. మా అమ్మమ్మ శనక్కాయలతో నూరిన ఊరుబిండి దీనికి అక్క అని గొప్పలు పోదామనుంటుంది గానీ, ఊరుబిండిలో విటమిన్ల పాళ్లు ఎవరూ కుదర్చలేదు.

అయితే అలాంటి ప్యాకెట్లోకి మన కాయ పోవాలంటే అఫ్లాటాక్సిన్ పరీక్ష నెగ్గాలి. కాయ ఊరేటప్పుడు బెట్ట తగిలితే ఒక బూజు పడుతుంది, పీకాక తడిసినా పడుతుంది. అది వదిలే విషం కాలేయాన్ని తింటుంది. నేరుగా తినే పప్పులో అది కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా గుమ్మం తొక్కనివ్వదు. బెట్టకు మనం చేయగలిగేది తక్కువ. తడికి మాత్రం మందుంది. పీకిన చెట్లను కాయలు పైకుండేలా తిరగేసి ఎండబెట్టాలి, వామి వేయాలి, మబ్బు పడితే టార్పాలిన్ పట్ట కప్పాలి. అక్టోబరులో ఏ ఊరికైనా పోయి చూడండి. పట్ట ఉన్నవాడి వామి పొడిగా ఉంటుంది. లేనివాడు పాత చీరలూ యూరియా సంచులూ కుట్టి కప్పుతాడు, కుట్ల వెంబడి నీళ్లు దిగుతాయి. రెండు రోజులకు కాయ నల్లబడుతుంది, వ్యాపారి గుప్పెడు తీసి వాసన చూసి రేటు తెగ్గోస్తాడు.

తీరా ఈ పట్టకు గ్రాంటు అడిగారా, చెడ్డారే. పట్టలో ఇన్నోవేషన్ ఏదండీ అంటారు, నిజమే, లేదు. కాబట్టి దరఖాస్తులో పట్ట ఊసెత్తకండి. వామికి నాలుగు సెన్సర్లు గుచ్చుతామని రాయండి. అర్ధరాత్రి వాన మొదలైన మరుక్షణం రైతు ఫోనుకు అచ్చ తెలుగులో మెసేజి: "మీ కాయ తడుస్తోంది." గ్రాంటు ఖాయం. మెసేజి చూసుకున్న రైతు ఆ రాత్రి ఏం చేశాడో సర్వే చేయించడానికి రెండో విడతలో డబ్బులుంటాయి.