రోమన్ సేనాపతికి ఉపగ్రహ పటం ఎవరిచ్చారు?

పోయిన శనివారం రాత్రి రెండింటి దాకా ‘ఇంపరేటర్: రోమ్’ అనే కంప్యూటర్ గేమ్ ఆడుతూ కూర్చున్నాను. ఆట మొదలయ్యేది క్రీ.పూ. 304లో. అప్పటికి రోమ్ పెద్ద సామ్రాజ్యమేమీ కాదు. పక్కనున్న సామ్నైట్లతో ఏళ్ల తరబడి కొట్లాడి, ఆ ఏడాదే సంధి చేసుకుని ఊపిరి పీల్చుకుంటున్న రాజ్యం. నేనేమో మౌస్ చక్రం తిప్పుతూ బ్రిటన్ నుంచి గంగ దాకా గీసిన పటాన్ని తీరిగ్గా చూస్తున్నాను. తీరరేఖలో ఒక్క వంపు తప్పలేదు. కాస్పియన్ సముద్రం చుట్టూ నేల పరుచుకుని బుద్ధిగా కూర్చుంది. అక్కడే నాకు చిర్రెత్తింది.

ఆ సముద్రం గురించి బాగా చదువుకున్న రోమన్‌ను అడిగితే, ఉత్తర మహాసముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం అని చెప్పేవాడు. భూగోళం గురించి పదిహేడు సంపుటాలు రాసిన స్ట్రాబో కూడా అలాగే రాశాడు. విచిత్రమేమిటంటే అతనికి నాలుగు వందల ఏళ్లకు పైగా ముందే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ అది దేనితోనూ కలవని సముద్రమని సరిగ్గా చెప్పాడు. అంటే ఒకసారి తెలిసిన సంగతి మళ్లీ పోయింది. మన ఆటల్లో ఇలా ఎన్నడూ జరగదు. ఒకసారి కనిపించిన నేల ఇక తప్పుగా కనిపించదు.

ఈ స్ట్రాటజీ గేముల అభిమానులు (నేనూ అందులో ఒకణ్నే) సైనికుడి డాలు ఆకారం కాస్త తేడాగా ఉంటే వారం రోజులు తగువులాడతారు. పటం మాత్రం ఉపగ్రహ చిత్రానికి ఎంత దగ్గరగా ఉంటే అంత ‘చారిత్రకం’ అని మెచ్చుకుంటారు. ఆ ఆటలో ఉన్నవాటిలో చరిత్రకు అందరికంటే దూరంగా ఉన్నది ఆ పటమేనని ఒక్కరికీ తట్టదు.

ఆటల్లో చూడని చోటును చీకటిగా ఉంచుతున్నారు కదా అంటారు. 2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’లో తెలియని ప్రాంతమంతా నల్లగా ఉండేది. రాయబారిని పంపి పక్క రాజ్యం దగ్గర పటం కొనుక్కోవచ్చు. ఆ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. కానీ కొన్న పటం ఎప్పుడూ నిజమే చెప్పేది. అమ్మినవాడు అబద్ధమాడడు, పొరబడడు కూడా. పైగా నలుపు నిజాయతీ గల రంగు, నాకు తెలియదని ఒప్పుకుంటుంది. రోమన్లను ముంచింది తెలియకపోవడం ఒక్కటే కాదు, తెలుసు అనుకున్నది తప్పు కావడం.

రోమన్ సేనాపతి జూలియస్ సీజర్ సంగతే చూడండి. క్రీ.పూ. 55లో బ్రిటన్ మీదికి వెళ్లే ముందు అక్కడికి సరుకు తీసుకెళ్లే వర్తకులందరినీ పిలిపించాడు. ద్వీపం ఎంత పెద్దది, ఎవరుంటారు, పెద్ద ఓడలు ఆగే రేవులెక్కడ అని అడిగాడు. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. వొలుసేనస్ అనే అధికారిని యుద్ధనౌకలో పంపితే, ఓడ దిగే ధైర్యం లేక అక్కడినుంచే చూసి అయిదో రోజుకు తిరిగొచ్చాడు. అయినా సీజర్ బయలుదేరాడు. దిగిన కొద్ది రోజులకే పున్నమి వచ్చింది. మహాసముద్రంలో పున్నమికి పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో తమవాళ్లకు తెలియదని అతనే రాసుకున్నాడు. మధ్యధరాలో ఆటుపోట్లు అంతంత మాత్రమే మరి. ఒడ్డుకు లాగిన ఓడల్లోకి నీళ్లు వచ్చాయి, లంగరు వేసినవి తుఫానుకు విరిగాయి. మన కోస్తాలో ఏ పల్లెకారును అడిగినా చెప్పే విషయం! మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాడు, మళ్లీ తుఫానుకు నలభై ఓడలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని బ్రిటన్ త్రిభుజాకారమనీ, దాని ఒక వైపు స్పెయిన్‌కు ఎదురుగా ఉంటుందనీ రాశాడు.

నూటయాభై ఏళ్లు గడిచినా స్పెయిన్ అక్కడినుంచి కదల్లేదు. ఐర్లండ్ బ్రిటన్‌కూ స్పెయిన్‌కూ మధ్య ఉందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. బ్రిటన్ చుట్టూ నౌకాదళాన్ని తిప్పించిన రోమన్ గవర్నరు అగ్రికోలాకు ఈయన స్వయానా అల్లుడు.

ఇక ఈజిప్టులో రోమన్ గవర్నరు ఏలియస్ గాలస్. చక్రవర్తి అగస్టస్ ఆజ్ఞతో దాదాపు పదివేల మందిని వెంటబెట్టుకుని దక్షిణ అరేబియాకు బయలుదేరాడు. దారి చూపింది నబాతియా అనే అరబ్బు రాజ్యపు మంత్రి సిల్లేయస్. వెళ్లడానికి ఆరు నెలలు పట్టింది, తిరుగు ప్రయాణం అరవై రోజుల్లో ముగిసింది. యుద్ధంలో చనిపోయింది ఏడుగురే. మిగతావాళ్లను రోగం, ఆకలి, దారి లేని దారి మింగేశాయి. ఇదంతా సిల్లేయస్ కుట్ర అంటాడు స్ట్రాబో. గాలస్ స్ట్రాబోకు స్నేహితుడు కాబట్టి నింద కొంత అటు నెట్టాడేమోనని నా అనుమానం. ఏదేమైనా ఆ సైన్యం చేతిలో మనకున్న పటం ఉంటే ఈ కథే లేదు.

మరి వాళ్లు అంత దూరాలు ఎలా తిరిగారంటే, ఊళ్ల జాబితాతో. మన ఆర్టీసీ బస్సు అద్దం మీద ‘వయా’ అని రాసే పేర్ల వరుస గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే. ఇటలీలోని వికారెల్లోలో దొరికిన నాలుగు వెండి గ్లాసుల మీద స్పెయిన్‌లోని కాడిజ్ నుంచి రోమ్ దాకా వందకు పైగా మజిలీలు, వాటి మధ్య మైళ్లు చెక్కి ఉన్నాయి. రోమన్ దారులను చూపే, వియన్నాలో భద్రపరిచిన ప్యూటింగర్ పటం దాదాపు ఏడు మీటర్ల పొడవు, వెడల్పు మాత్రం మూర కూడా లేదు. అందులో మధ్యధరా పంటకాలువలా సాగిపోయి ఉంటుంది. దారులూ మజిలీలూ దూరాలూ ముఖ్యం, ఆకారం ఎలా పోతేనేం? కొలత పెట్టి గీయడం చేతకాక కాదు. మూడో శతాబ్దం మొదట్లో రోమ్ నగరాన్నంతా వీధి వీధీ లెక్కగా పాలరాతి మీద చెక్కి గోడకు బిగించినవాళ్లు వాళ్లే.

రెండో శతాబ్దపు భూగోళ శాస్త్రవేత్త టోలెమీ రాసింది చూస్తే నాకు నవ్వూ గర్వమూ కలిసి వస్తాయి. ఆయన లెక్క ప్రకారం గీస్తే మన ద్వీపకల్పం కొన తెగి చదునైపోతుంది, సింహళం ఏనుగంత ఉబ్బుతుంది. అయినా మైసోలస్ నది, దాని దగ్గర కొంటకొస్సిల అనే వర్తక పట్టణం ఉన్నాయి. అవి కృష్ణ, ఘంటసాల అని పండితులు ఎక్కువమంది చెబుతారు. అలెగ్జాండ్రియాలో కూర్చున్న మనిషికి దేశం ఆకారం తెలియదు, ఘంటసాల పేరు తెలుసు! గుడ్డలు కొనడానికి వచ్చే నావికుడికి కావలసింది రేవు పేరూ, గాలి మళ్లే నెలా. మన ఆటలు సరిగ్గా దీన్ని తిరగేశాయి.

ఆటలో కూడా అప్పటివాళ్ల తప్పుల పటమే పెడితే ఆడేవాడికి విసుగొస్తుందంటారు. ఏమో, నాకు రాదు. బ్రిటన్‌ను స్పెయిన్ ఎదురుగా చూపించే పటం ఇవ్వండి. ఇద్దరు వర్తకులు రెండు దూరాలు చెప్పనివ్వండి, ఎవరిని నమ్మాలో నన్ను తేల్చుకోనివ్వండి. సైన్యం ఎక్కడుందో గుర్తు కనిపించకూడదు, ఇరవై రోజుల కిందటి ఉత్తరం రావాలి. అందరికీ వద్దంటే సెట్టింగుల్లో ఒక మీట పెట్టండి చాలు.

అలాంటి మీట లేదు కాబట్టి నిన్న నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. పటాన్ని పూర్తిగా దగ్గరికి లాక్కుని, వెనక్కి జరపకుండా, ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకుంటూ ఆడాలి. కాపువా దాటాక ఒక పేరు తప్పు రాసుకున్నాను. నా సైన్యం ఎక్కడుందో కనుక్కోవడానికి పావుగంట పట్టింది.