తేడాగా ఉన్న ప్రతి నాణెం మింట్ ఎర్రర్ కాదు

వాట్సాప్ గ్రూపుల్లో, చిన్న చిన్న వీడియోల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "మీ దగ్గరున్న నాణెం మామూలు వాటికంటే తేడాగా ఉందా? అది మింట్ ఎర్రర్. ప్రభుత్వ టంకశాలలో జరిగిన పొరపాటు కాబట్టి అరుదైనది. ఆన్‌లైన్ వేలంలో లక్షలు పలుకుతుంది." పాకెట్ మనీ దాచుకుని నాణేలు సేకరించే పిల్లలు కూడా దీన్ని నమ్మి, ఎవరో గదిలో కూర్చుని చెక్కిన నాణేలను వేలంలో కొంటున్నారు. అది చూస్తూ ఊరుకోలేక, ఆ ప్రచారంలోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"నాణేన్ని చేత్తో మార్చడం కుదరదు. తేడా ఉందంటే యంత్రంలోనే జరిగి ఉండాలి."

ఎందుకు కుదరదు? వస్తువును గట్టిగా బిగించి పట్టే బెంచ్ వైస్, ఆకురాయి, కాస్త యాసిడ్ ఉంటే చాలు. మింట్‌లో పని వేరేగా సాగుతుంది. గుండ్రటి లోహపు బిళ్ల కాలర్ అనే ఉక్కు వలయంలో కూర్చుంటుంది. పైన ఒక డై, అంటే ముద్ర చెక్కిన అచ్చు, కింద ఒక డై. వాటి మధ్య నొక్కుడు పడగానే రెండు ముఖాల మీదా ముద్ర వస్తుంది. అసలైన ఎర్రర్ అయితే బిళ్ల తయారీ నుంచి ముద్ర పడేదాకా ఎక్కడో ఒకచోట జరిగి ఉండాలి. కాబట్టి ఏ నాణెం చూసినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ యంత్రం దీన్ని ఎలా చేయగలదు?

రెండు లోహాల పది రూపాయల నాణెమే తీసుకోండి. నడిమి బిళ్ల పక్కకు తిరిగి ఉన్నవి, తలకిందులుగా ఉన్నవి "సూపర్ రేర్" అని వేలానికి పెడుతుంటారు. ఆ నాణెంలో బయటి వలయం, నడిమి బిళ్ల విడివిడి ముక్కలే. అవి ఒకటిగా బిగుసుకునేది ముద్ర పడే క్షణంలోనే. మధ్యలో ఉన్న నాలుగు సింహాలు, వలయం మీది అక్షరాలు అన్నీ ఒకే డై మీద చెక్కి ఉంటాయి. మరి వలయం నిటారుగా, సింహాలు వంకరగా ఎలా పడతాయి? పడవు. మింట్ దాటాక ఎవరో నడిమి బిళ్లను బయటికి కొట్టి, తిప్పి మళ్లీ బిగించారు. ఇంత తేలిగ్గా పట్టుబడే మోసానికి కూడా జనం డబ్బు పెడుతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

"తూకం సరిపోతే చాలు, అది అసలైన ఎర్రరే."

ఇందులో సగమే నిజం. 2011లో మొదలైన, 2019కి ముందరి సిరీస్‌లో రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85, అయిదు రూపాయలు 6 గ్రాములు. పది రూపాయల నాణెం 7.71 గ్రాములు. ఒకవైపు నున్నగా ఉన్న నాణెం తూకం తగ్గితే ఆ ముఖాన్ని అరగదీశారనే అనుమానించాలి. మింట్‌లో రెండు బిళ్లలు ఒకేసారి డైల మధ్యకు వెళ్లినా ఒక ముఖం ఖాళీగానే వస్తుంది, కానీ అప్పుడు లోహం ఎక్కడికీ పోదు, బరువు తగ్గదు.

అయితే బరువు తగ్గకుండా చేసే మోసం కూడా ఉంది. వ్యాపారులు లఖీ అని పిలిచే బ్రాకేజ్ చూడండి. ముద్ర పడిన నాణెం డైకి అతుక్కుపోతే, తర్వాత వచ్చిన బిళ్ల మీద అదే ముఖం అద్దంలో బొమ్మలా తిరగబడి, లోపలికి గుంటపడి వస్తుంది. దీన్ని నకిలీ చేయడానికి రెండు నాణేలను వైస్‌లో పెట్టి గట్టిగా బిగిస్తారు. బరువు చక్కగా సరిపోతుంది. కానీ రెండో ముఖం తిప్పి చూడండి. అసలు బ్రాకేజ్‌లో అటువైపు డై ఉంటుంది కాబట్టి ఆ ముద్ర మామూలుగా పడుతుంది. వైస్ నాణెంలో అటువైపు గీతలు నలిగి చదునైపోతాయి. ఇటువైపు కూడా గుంటపడిన బొమ్మ కింద పాత ముద్ర ఆనవాళ్లు భూతద్దంలో కనబడుతుంటాయి. అంచు ముక్క తెగినట్టున్న నాణేలకూ ఇలాంటి పరీక్షే ఉంది. బిళ్ల దశలోనే తెగిన నాణెంలో చాలాసార్లు ఆ తెగిన చోటుకు సరిగ్గా ఎదురుగా అంచు బలహీనంగా ఉంటుంది. తర్వాత కత్తిరించిన దానిలో ఎదుటి అంచు మామూలుగానే ఉంటుంది.

"రాగి రంగు రూపాయి అంటే వేరే లోహం మీద ముద్ర పడిందన్నమాట."

అయస్కాంతం పెట్టి చూడండి. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి. రాగిది అని అమ్ముతున్న నాణెం కూడా గట్టిగా అంటుకుంటే, లోపల ఉన్నది స్టీలే, రంగు పైపూత.

"నక్షత్రం గుర్తు ఉంటే ఎర్రర్."

కాదు. అది హైదరాబాద్ టంకశాల గుర్తు. వజ్రం ఆకారం ముంబైది, చుక్క నోయిడాది, కోల్‌కతాకు గుర్తే ఉండదు. ఆ టంకశాల ఉన్న చర్లపల్లిలో తయారైన నాణేలు మన జేబుల్లో ఎన్నో తిరుగుతుంటాయి.

"వేలంలో లక్షలు పెట్టారు కదా, అదే విలువ."

పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఎవరైనా ఎంతైనా పెట్టొచ్చు. మీ నాణెం కొంటామంటూ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత టాక్స్ అడిగే వాళ్లు ఇంకా ప్రమాదం. రిజర్వ్ బ్యాంకు తాము అలాంటి వ్యవహారాలు చూడబోమని, ఎలాంటి చార్జీలు, కమీషన్లు అడగబోమని 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. ఆ బ్యాంకు పేరు చెప్పి డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

వేలంలో ఎర్రర్ నాణెం నచ్చితే రెండు ముఖాలు, అంచు, స్కేలు మీద బరువు కనబడే ఫొటోలు అడగండి. పది రూపాయల నాణెమైతే వలయం, నడిమి బిళ్ల కలిసే గీతను దగ్గర నుంచి తీసిన ఫొటో కూడా కావాలి. ఇవి పంపడానికి సాకులు చెబితే ఆ నాణెం మీద వేలంపాట పాడకండి.